ఏడో గొడుగు పిలుపు

చీకటి పడ్డాక ఏడో గొడుగు వైపు ఎవరూ వెళ్ళరు.

వెళ్ళరంటే వెళ్ళరంతే. పగలు అక్కడే గడ్డి కోస్తారు, బోల్టులు బిగిస్తారు, దాని నీడలోనే కూర్చుని క్యారేజీలు విప్పుకుంటారు. పొద్దు వాలిందా... చేతిలో పని చేతిలోనే వదిలేసి వచ్చేస్తారు. కాపలా మనిషి ఒకాయన ఓ రాత్రి అటునుంచి పరుగెత్తుకొచ్చాడు — చెప్పులు అక్కడే పడిపోయాయి. మర్నాడు పట్టపగలు కూడా వాటికోసం వెళ్ళలేదు. కొత్తవి కొనుక్కున్నాడు.

కాస్త దగ్గరగా జరగండి. వెనకాలవాళ్ళకి వినపడాలంటే నేను గొంతు పెంచాలి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు.

నేను కళ్ళారా చూసిందీ కాదు. మా ఆడపడుచు చెప్పింది — మా ఆయనకి స్వయానా చెల్లెలు. పైనున్నవాడి సాక్షిగా విన్నది విన్నట్టు చెప్తాను. నా చేతి ఉప్పూ కారం ఓ చిటికెడు పడితే మీరే సర్దుకోండి.

గొడుగులంటే వానకి పట్టుకునేవి కావు. ఊరికి దూరంగా, చుట్టూ గుట్టలున్న ఒక పెద్ద బయలు. ఆ బయల్లో వరసగా ఇనుప గొడుగులు. ఒక్కొక్కటీ మేడంత ఎత్తు. ఎవరో తిరగేసి ఆకాశానికి పట్టినట్టుంటాయి. అవి చూడవు... వింటాయి. మన కంటికి ఆనని వెలుగు ఒకటి ఉందట. రేడియోకి మాత్రమే అందుతుందట. మన చూపు ఆగిపోయే చోటికి అవతల, దానికీ అవతల, ఏవో పాలపుంతల నడిమధ్య నుంచి వస్తుందట. అది అక్కడ బయల్దేరిన నాటికి ఇక్కడ మనిషనేవాడే పుట్టలేదట. దేవుడి ఓపిక చూడండి!

అలాంటి చుక్కలు లెక్కలేనన్ని. వాటిలో దేని వెలుగు మారుతోందో వెతకడం మా ఆడపడుచు పని.

"నిద్రపోతున్న పిల్లల నుదుళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూస్తాం చూడు వదినా, అలాగనుకో," అనేది. "అందరివీ చల్లగానే ఉంటాయి. ఏ ఒక్కరికో వెచ్చబడుతుంది. ఆ ఒక్కరికోసం రాత్రంతా మేలుకోవడమే నా ఉద్యోగం."

దేవుడికి దణ్ణం పెట్టుకోవే అంటే, "నేను పనిచేసేది ఆయన పెరట్లోనే కదా, రోజూ కనపడుతూనే ఉంటాను" అని నవ్వేసేది. ఇక దెయ్యాల మాటెత్తితే ఇంకా నవ్వేది.

నవ్వేది... ఆ రాత్రిదాకా.

ఆ బయల్లో నియమాలు గట్టివి. ఫోను ఉండకూడదు. పెట్రోలు బండి రాకూడదు, డీజిలుదే రావాలి. టార్చి కూడా పాతకాలపు బల్బుదే. ఎందుకంటే ఆ చుక్కలనుంచి వచ్చేది అంత పల్చటిది. పక్కన ఒక్క ఫోను మోగిందా, ఇక సంతలో చీమ తుమ్మినట్టే. ఏమీ వినపడదు. దొంగచాటుగా ఎవరి దగ్గర ఏ మిషను ఉన్నా పట్టుకోవడానికి ఒకాయన డీజిలు వ్యానేసుకుని తిరుగుతుంటాడు. ఆయన్ని అందరూ ముక్కు అంటారు. వాసన పట్టేస్తాడని. సొంత అత్తగారి చెవి మిషన్ని కూడా సంచీలో వేసుకొచ్చిన మహానుభావుడు. మా ఆడపడుచు మాత్రం 'ముక్కు బాబాయ్' అనేది.

ఒక్కో గొడుగు కింద ఒక చిన్న గది. కిటికీ ఉండదు. గోడలకి లోపలంతా రాగిరేకు. బరువైన ఇనుప తలుపు. లోపలున్న యంత్రాల పెట్టెలు కూడా మన చెవికి అందని రొద చేస్తాయి కదా, ఆ రొద బయటికొస్తే గొడుగు తన గోల తనే వింటుంది. అందుకని ఆ తలుపు క్షణం కూడా తీసి ఉంచకూడదు. ఈ నియమాలన్నీ పెట్టినాయన ఒకరున్నారు. ఆ బయలుకంతటికీ పెద్ద. పెద్దాయన అనే పిలుస్తారు. నవ్వడు, నవ్వనివ్వడు.

ఏడో గొడుగు చూసుకున్నది ఎవరనుకున్నారు? ఆయన భార్యే.

ఏడో అక్కయ్య అనేవారట ఆవిడని. గొడుగు తిప్పేముందు ఆవిడ గదిలోంచి బయటికొచ్చి, తలెత్తి, గట్టిగా అరిచేది — "పైనెవరైనా ఉన్నారా?" అని. పైన ఎవరైనా రంగు వేస్తూనో, బోల్టు బిగిస్తూనో ఉంటే? తిప్పితే పడిపోరూ? జవాబు రాకపోతేనే తిప్పేది. అరిచి అరిచి గొంతు పోతోందని, చివరి రోజుల్లో ఆ మాట టేపులో పట్టించి వినిపించేదట.

జబ్బు చేసి ఆసుపత్రిలో పోయింది పాపం. ఘోరం ఏమీ జరగలేదు. ఆవిడ పోయాక పద్ధతి మారింది. దూరంగా ఉన్న పెద్ద గదిలోంచి ఒక్క మీట నొక్కితే గొడుగులన్నీ కలిసి తిరుగుతాయి. రాత్రిపూట పైకెక్కడం నిషేధం. ఇక అడగాల్సిన పనే లేదు.

అడగాల్సిన పనే లేదు... కానీ ఏడో గొడుగు కింద రాత్రిపూట ఎవరో అడుగుతూనే ఉన్నారు.

"పైనెవరైనా ఉన్నారా...?"

విన్నవాళ్ళు ఒకరా ఇద్దరా!

ఇక మా ఆడపడుచు కష్టం చెప్తాను. అది తెలియకపోతే, అలాంటి చోటికి అలాంటి వేళ ఎందుకు వెళ్ళిందో మీకు అర్థం కాదు.

అంతకుముందు ఏడాది ఆమె ఒక చుక్క పట్టింది. ఉన్నట్టుండి వెలిగిందని లోకమంతా చాటింది. ఎక్కడెక్కడి గొడుగులూ అటు తిరిగాయి. ఏముందక్కడ? ఏమీ లేదు. తర్వాత ముక్కు బాబాయ్ వెళ్ళి గుట్ట అవతల పట్టుకున్నాడు — గొడ్లు దాటకుండా ఎవరో పెట్టుకున్న కరెంటు కంచె! తీగ తెగి నిప్పురవ్వలు చిమ్ముతోంది. అదీ ఆమె చుక్క.

ఆనాటినుంచి మా పిల్ల పేరు కంచె. "కంచెగారూ, టీ తాగారా?" "కంచెగారూ, ఇవాళ గొడ్లు కులాసాయేనా?" నవ్వుతూనే అంటారు. నవ్వుతూ అన్నదే కదా లోపలికి దిగేది.

ఇప్పుడు మళ్ళీ ఒక చుక్క. చాలా దూరపుది. రాత్రి రాత్రికీ కాస్త కాస్త వెలుగు పెరుగుతోంది. ఈసారి తొందరపడలేదు. గుట్టలన్నీ గాలించమని బాబాయ్‌ని పంపింది. కంచెలన్నీ చూసుకుంది. అప్పుడు పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. నిజమని ఆయన సంతకం పెడితే ఆమె పని నిలుస్తుంది. నెలాఖరుకి ఆమె ఉద్యోగ ఒప్పందం ముగిసిపోతుంది. ఇది కూడా కంచే అయితే ఇక ఏ గొడుగు కిందా ఆమెకి నీడ దొరకదు.

పెద్దాయన కాగితం ముట్టుకోలేదు.

"ఏడోది పాతబడిపోయింది, నమ్మొద్దు," అన్నారు. "దాన్ని తీసేసి చూడు. అప్పుడూ నిలిస్తే రా."

"రాత్రి వెళ్ళి తీగ లాగి చూస్తాను సార్."

ఆయన మొహం మారింది. "రాత్రిపూట అటు వెళ్ళొద్దు."

ఎందుకో చెప్పలేదు.

గొడుగులన్నీ విన్నది ఒకే తీగలో కలిసి పెద్ద గదికి వస్తుంది. కలిశాక, పాలనీ నీళ్ళనీ విడదీయగలమా? ఏడోదాన్ని తప్పించాలంటే దాని గదికి వెళ్ళి చేత్తో తీగ ఊడదీయాల్సిందే. పగలు ఊడదీద్దామంటే ఆ కాలంలో ఆ చుక్క పొద్దు వాలాకే పైకొస్తుంది. అది పైనుండగా ఒకసారి ఏడోదానితో, వెంటనే మరోసారి అది లేకుండా చూస్తేనే తేడా తెలిసేది.

రాత్రిపూట అటు వెళ్ళొద్దు. రాత్రిపూట తప్ప కుదరదు... ఏం చేస్తుంది?

ఒక రాత్రి పెద్దాయన ఒంట్లో బాగాలేదని పెందరాళే వెళ్ళిపోయారు. పెద్ద గదిలో తనూ, ముక్కు బాబాయీ. లేచింది.

"బాబాయ్, నేను ఏడు దాకా వెళ్ళొస్తా."

బాబాయ్ టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "ఎక్కడికీ?"

"ఏడుకి."

"ఆరు తర్వాత ఎనిమిదే అమ్మాయ్. మధ్యలో ఏమీ లేదు. నువ్వు లెక్కలు మర్చిపోయావు."

"నువ్వూ రా, తోడుంటావు."

"నాకు మోకాలు నొప్పి."

"సాయంత్రం బంతాట ఆడావుగా?"

"ఆడబట్టే కదా నొప్పి!"

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు.

"తల్లీ... నేను విన్నాను. ఒట్టు. ఆవిడ చేతి టీ తాగినవాణ్ణి, ఆవిడ గొంతు నాకు తెలీదా? నీ చుక్క ఎక్కడికీ పోదు. వెళ్ళకు."

"చుక్క పోదు బాబాయ్. నేను పోతాను. నెలాఖరుకి."



ఏడో గదికి వేసిన టెలిఫోను తీగ ఎలుకలు కొట్టేశాయి. కబురు ఎలా? ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. బాబాయ్ పెద్ద గది కిటికీలో దీపం పెడతాడు. ఆమె తీగ ఊడదీశాక కూడా చుక్క వెలుగు అలాగే నిలిస్తే దీపం ఉంచుతాడు. పడిపోతే... ఆర్పేస్తాడు.

"ఇంకోటి," అన్నాడు బాబాయ్. "కాసేపట్లో గొడుగులు తూకంరాయి వైపు తిరుగుతాయి. జాగ్రత్త." తూకంరాయంటే ఎప్పుడూ మారని ఒక చుక్క. గొడుగులన్నీ మధ్యమధ్య దాని వైపు తిరిగి, సరిచూసుకుని, మళ్ళీ పనిలోకొస్తాయి. మనం అద్దంలో మొహం చూసుకున్నట్టు.

బయల్దేరింది.

కాళ్ళకింద కంకర. చేతిలో టార్చి వెలుగు పసుప్పచ్చగా, జబ్బు మనిషి కన్నులా. ఒక్కో గొడుగూ దాటుతుంటే దాని ఇనుప ఎముకల్లో గాలి ఈల వేస్తోంది. అన్నీ ఒకే వైపు మొహం తిప్పి ఉన్నాయి. ఆమె వస్తున్న వైపే... ఆమె వెనకవైపే. తన వెనక ఏదో ఉంది, అవన్నీ దాన్నే చూస్తున్నాయి అనిపించిందట.

రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఏమీ లేదు. కిటికీలో దీపం ఒక్కటే, గోరంత.

ఆరో గొడుగు దాటింది.

గాలి ఆగిపోయింది.

అప్పుడు —

"పైనెవరైనా ఉన్నారా...?"

ఆడగొంతు. పెద్దగా ఏమీ లేదు. ఇంట్లో పక్కగదిలోంచి పిలిచినట్టు. అంత దగ్గరగా... అంత మామూలుగా.

గాలే అనుకుంది. గాలి ఆగిపోయిందని మరుక్షణం గుర్తొచ్చింది.

"పైనెవరైనా ఉన్నారా...?"

అప్పుడు, ఏనాడూ దణ్ణం పెట్టని మా పిల్ల నోట్లోంచి దానంతటదే వచ్చింది... "స్వామీ." ఒక్క మాట. నాకు చెప్పినప్పుడు ఎంత సిగ్గుపడిందో! సిగ్గెందుకే అన్నాను. పిలిస్తే పలికేవాడు, ఎప్పుడు పిలిచావని లెక్కలు చూస్తాడా?

వెనక్కి తిరిగి పరుగెత్తవచ్చు. అందరూ పరుగెత్తారు. కానీ వెనక్కి వెళ్తే ఏముంది? కంచె ఉంది. జన్మంతా కంచె.

ముందుకే నడిచింది. గది చేరింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది. చల్లటి ఇనుము. బరువంతా వేసి లాగింది...

లోపల దీపం వెలుగుతోంది.

స్టూలు మీద మనిషి కూర్చుని ఉన్నాడు. వీపు ఇటు.

మెల్లగా తల తిప్పాడు.

పెద్దాయన!

ఎదురుగా చిన్న బల్ల. బల్ల మీద పాత టేప్‌రికార్డరు.

మా ఆడపడుచుకి ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఎందుకు మండదు చెప్పండి? ఏ మిషనూ ఉండకూడదని నియమం పెట్టిన మనిషి. ఆ మనిషే దొంగచాటుగా మిషను తెచ్చుకుని, రాత్రి రాత్రీ పెళ్ళాం గొంతు వింటున్నాడు. ఆ టేపు మోటారు రొద చేస్తుంది. తలుపు అంచులు పాతబడి ఉంటాయి. ఆ రొద గొడుగులోకి పోతుంది. తనేమో పెద్ద గదిలో కూర్చుని, పాలపుంత గుండె వెలిగిందని మురిసిపోతోంది!

"ఇదా?" అంది. "ఇదా నా చుక్క?"

బల్ల దగ్గరికి వచ్చింది.

"అందుకేనా ఏడోదాన్ని నమ్మొద్దన్నారు? అందుకేనా రాత్రిపూట రావొద్దన్నారు? రోజురోజుకీ వెలుగు పెరుగుతోందని లెక్కలు కట్టాను సార్. రోజురోజుకీ ఇంకాసేపు ఎక్కువ వింటున్నారా? మీ బెంగ తీరడానికి నా బతుకే దొరికిందా?"

అనకూడని మాటే. అనేసింది. నోరు జారితే తీసుకోలేం కదా.

పెద్దాయన లేచారు. ఒక్కసారిగా ముసలాయనైపోయినట్టున్నారట. గోడవైపు వేలు చూపించారు.

"ముందు తీగ లాగు," అన్నారు. "తర్వాత తిట్టు."

లాగింది. పెట్టెల కరెంటు కూడా ఆపేసింది. ఇక అక్కడ రొద చేసేది ఏదీ లేదు. ఇద్దరూ బయటికొచ్చారు. బయలు అవతల, దూరంగా, కిటికీలో దీపం.

ఉంది.

బాబాయ్ సరిచూసుకోవడానికి కాస్త వ్యవధి పడుతుంది. ఆమె రెప్ప వేయలేదు. ఆరిపోతుంది... ఇప్పుడు ఆరిపోతుంది... నెలాఖరుకి ఏం సర్దుకోవాలో కూడా అనుకుంటోంది, ఏ పెట్టెలో ఏ బట్టలు —

దీపం ఆరిపోయింది.

ఆమె నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. అంతే.

మళ్ళీ వెలిగింది!

ఆరిపోలేదండీ. ముక్కు బాబాయ్ బొజ్జ అడ్డొచ్చింది. మనిషి దీపానికి ముందునుంచి జరిగి, దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, కిటికీలో అటూ ఇటూ ఊపేస్తున్నాడు. చిన్నపిల్లాడిలా.

ఏడో గొడుగు లేదు. చుక్క ఉంది. వెలుగు అలాగే ఉంది. నిజం!

మా ఆడపడుచు కంకర మీద కూలబడి ఏడ్చింది. ఎన్నాళ్ళ ఏడుపో! పెద్దాయన పక్కనే నిలబడ్డారు. "పొద్దున్నే సంతకం పెడతానమ్మా," అన్నారు. ఆయన 'అమ్మా' అనడం అదే మొదలు.

కళ్ళు తుడుచుకుని లేచింది. సిగ్గేసింది.

"క్షమించండి సార్. మీ టేపు వల్ల ఏమీ కాలేదు. అనవసరంగా నోరు పారేసుకున్నాను. వినండి, మీ ఇష్టం వచ్చినంతసేపు వినండి."

"ఏం వినడం?"

"అదే... ఇందాక నేను వస్తుంటే పెట్టారుగా. అమ్మగారి గొంతు."



పెద్దాయన లోపలికి వెళ్ళి టేప్‌రికార్డరు తెచ్చారు. వెనక్కి తిప్పి చూపించారు. బ్యాటరీల మూత లేదు. బ్యాటరీలూ లేవు. ఆ గూట్లో తీగచుట్టలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పక్కన వేలాడుతున్న టేపు తెగిపోయి, ముట్టుకుంటే పొడిగా రాలుతోంది.

"ఇది మోగి ఎన్నేళ్ళో అయింది," అన్నారు. "ఊరికే ఎదురుగా పెట్టుకుని కూర్చుంటాను."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆలోచించండి. టేపు మోగి ఉంటే ఆ గొంతుకో దారి ఉంది. టేపు మోగలేదు. మరి... గొంతు ఎవరిది?

మా ఆడపడుచు ఒక అడుగు వెనక్కి వేసింది.

పెద్దాయన మాత్రం భయపడలేదు. ఇంకా దగ్గరికొచ్చారు.

"నీకు వినిపించిందా?" అన్నారు గుసగుసగా. "నీక్కూడానా?"

"మీకు..."

"ఆ కాపలావాడికి వినిపించింది. ముక్కుకి వినిపించింది. దారినపోయే ప్రతివాడికీ వినిపిస్తుందట. రోజూ రాత్రి వచ్చి కూర్చుంటాను. నా పెళ్ళాం అమ్మా అది! ఒక్కసారి... ఒక్కసారి కూడా నాకు వినిపించలేదు. నామీద ఏం కోపమో."

మా పిల్ల ఆయన్ని చూసింది. గదిని చూసింది. రాగిరేకు గోడలు. బరువైన తలుపు. లోపలి శబ్దం బయటికి పోనివ్వదు, బయటి శబ్దం లోపలికి రానివ్వదు.

"తలుపు వేసుకునేనా సార్, కూర్చునేది?"

"మరి? తీసి ఉంచకూడదుగా. నియమం."

తను పెట్టిన నియమం తనే తప్పలేదు మహానుభావుడు. ఆవిడ బయట పిలుస్తుంటే, లోపల తలుపేసుకుని ఎదురుచూశాడు.

"ఈ రాత్రికి ఏడోది లెక్కలో లేదు," అంది. "తీగ లాగేశాం. పెట్టెలు ఆపేశాం. తలుపు తీసే ఉంచండి."

తలుపు బార్లా తీసి, స్టూలు తెచ్చి గడప దగ్గర వేసింది. ఆయన్ని కూర్చోబెట్టింది. అక్కడ ఇంకాసేపు ఉండే ధైర్యం లేదు. ఉండటం మర్యాద కూడా కాదనిపించిందట. చుక్క పైనుంది, పని ఉంది. వెనక్కి నడిచింది.

ఆరో గొడుగు దగ్గరికి వచ్చింది. మళ్ళీ గాలి ఆగింది.

"పైనెవరైనా ఉన్నారా...?"

వెనకనుంచి. స్పష్టంగా.

నిలబడిపోయింది. తిరిగి చూడలేదు. చీకట్లో ఏదో ఇనుము మీద అడుగుల చప్పుడు... టక్... టక్... కాసేపు ఏమీ లేదు.

తర్వాత జవాబొచ్చింది. మగగొంతు.

"ఉన్నానే...!"

ఆ గొంతు గడప దగ్గర్నుంచి రాలేదు. స్టూలు ఎత్తునుంచి రాలేదు.

పైనుంచి వచ్చింది. చాలా పైనుంచి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి — తూకంరాయి! గొడుగులు తిరిగే వేళ. పెద్ద గదిలో బాబాయ్ ఏ క్షణాన్నయినా మీట నొక్కేస్తాడు. ఏడో గొడుగు మీద మనిషున్నాడని ఆయనకేం తెలుసు? ఫోను లేదు. అరిచినా అంత దూరం వినపడదు.

వెనక్కి పరుగెత్తింది. టార్చి ఎక్కడో పడిపోయింది. "సార్! దిగండి! సార్!" అని అరవబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదట. పడింది, మోకాలు చీరుకుంది, లేచింది. తలుపు తీసే ఉంది. స్టూలు ఖాళీ.

గొడుగు పక్కన ఇనుప నిచ్చెన. దానిమీద, నక్షత్రాలకి అడ్డంగా ఒక నల్లటి ఆకారం. దిగుతోంది. ఒక్కో మెట్టూ తడుముకుంటూ, ఎవరో కిందనుంచి పాదం పట్టుకుని మెట్టు మీద పెడుతున్నంత నెమ్మదిగా.

దిగుతోంది... దిగుతోంది...

ఆయన కాలు నేల తాకింది.

తాకిందో లేదో — పైన మోటారు మూలిగింది. ఇనుమంతా ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. ఇందాకటిదాకా ఆయన నిలబడ్డ అంచు ఆకాశంలోంచి కిందికి ఒరిగిపోయింది.

మా ఆడపడుచు ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆ వయసులో, ఆ చీకట్లో, పడి ఉంటే...

"ఎందుకెక్కారండీ పైకి?"

"అడుగుతుంటే జవాబు చెప్పొద్దా?" అన్నారు పెద్దాయన. బుగ్గల నిండా కన్నీళ్ళు. మొహం నిండా నవ్వు. ఆ మనిషి నవ్వగా ఆ బయల్లో చూసినవాళ్ళు ఎవరూ లేరు. "ఇన్నేళ్ళనుంచీ అడుగుతోంది. ఒక్కరూ పలకలేదు. పలికాను."

"పలికితే..."

ఆయన తలెత్తి, తిరిగిపోతున్న గొడుగుని చూశారు.

"తిట్టింది," అన్నారు. "దిగమంది."